జపాను పలుకుబడిలో మాతృవందనము

కన్నతల్లియెడ మనకు గల ప్రేమ మాటలతో చెప్పదగినది కాదనియు, చెప్పినచో దాని విలువ తఱుగుననియు, తల్లియు బిడ్డయు ఒకరి హృదయము నొకరు చెప్పకయే యెఱుగుదురనియు మన పెద్దలు తరతరములుగా నమ్ముచు వచ్చిరి. ఆ నమ్మకమున గొప్ప సత్యము కొంత యున్నను, దాని మాటున మన సోమరితనము గూడ కొంత దాగియున్నదని నా దృఢాభిప్రాయము. చిల్లర తిరిగి యిచ్చిన దుకాణదారునకు 'థాంక్స్' అనుచున్నాము. బస్సులో చోటిచ్చిన అపరిచితునకు ననుచున్నాము. ఏండ్ల తరబడి తెల్లవారకముందే లేచి, పొయ్యి వెలిగించి, మన టిఫిను డబ్బా కట్టి వీధిగుమ్మము వఱకు తెచ్చి యిచ్చిన తల్లికి మాత్రము ఆ మాట చెప్పబోవ మన నోరు పెగలదు. చెప్పినచో ఆమె నవ్వునేమో, 'ఏమైంది నీకు?' అని కంగారుపడునేమో యని శంక. ఆ శంకను జయించు విధమును, అందుకు జపాను భాష మనకు చేయగల సాయమును ఈ యధ్యాయమున వివరింతును.

సికింద్రాబాదు ప్రాంతపు బిడ్డలకు ఈ భాష నేడు దూరపు వస్తువు కాదు. తార్నాక చెంత, 1958లో ఆంగ్లబోధనకై వెలసి 2007లో కేంద్రవిశ్వవిద్యాలయమైన ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున జపాను భాష బోధింపబడుచున్నది. 2008లో పుట్టిన హైదరాబాదు ఐఐటికి జపాను దేశపు తోడ్పాటు పుష్కలముగా లభించినది. కందిలోని దాని భవనములు కొన్ని ఆ దేశపు ఋణసాయముతో లేచినవే. తెలంగాణ ప్రభుత్వ సంస్థయగు టామ్‌కామ్ మన నర్సులకు ఆ భాషలో శిక్షణ యిప్పించి అక్కడి కొలువులకు పంపు కార్యక్రమము నడుపుచున్నది. ఇట్లు నేర్చినవారు తొలి పాఠముననే 'అరిగతో' అను కృతజ్ఞతావచనము నేర్తురు. దానిని గురువునకు చెప్పుదురు, సహాధ్యాయులకు చెప్పుదురు, తోక్యోలో దిగినపిదప స్టేషనులో దారి చూపిన ఉద్యోగికి తల వంచి చెప్పుదురు. మారేడుపల్లిలోనో, బోయినపల్లిలోనో, లాలాగూడ రైల్వే క్వార్టర్సులోనో ఒంటరిగా టీవీ ముందు కూర్చున్న తల్లికి చెప్పవలెనని మాత్రము వారిలో పెక్కుమందికి తోచదు.

పరభాషలో ఒక సౌలభ్యము కలదు. మాతృభాషలోని ప్రతి మాటకును మన బాల్యపు బిడియములు, ఇంటి మర్యాదలు, నలుగురేమనుకొందురో యను సంకోచము పెనవేసికొని యుండును. క్రొత్తగా నేర్చిన భాషలో పలికినపుడు ఆ బరువు తేలికయగును. కావున మొదటిసారి జపాను భాషలో చెప్పుడు, ఆమె అర్థమడుగును, అడిగినపుడు తెనుగున చెప్పక తప్పదు. ఈ విధమున పరభాషను మెట్టుగా చేసికొని మన భాషలోనికి దిగవలెనే కాని, అక్కడనే నిలిచిపోరాదు.

అయితే ఏమి చెప్పవలెను? 'అమ్మా, నీవు దేవతవు' అనుట సులభము. అట్టి మాట ఎవరి తల్లికైనను అతుకును, కావుననే ఏ తల్లికిని ప్రత్యేకముగా అతుకదు. కృతజ్ఞతకు ప్రాణము, చేసిన మేలును పేరు పెట్టి చెప్పుటయందున్నది. ఇందుకు దృష్టాంతము మన ఊరిలోనే కలదు. 1813లో జంటనగరముల ప్రజలు కలరాచే అల్లాడుచుండగా, సైన్యమున డోలీ మోయు పనిమీద ఉజ్జయినిలోనుండిన సురిటి అప్పయ్య, తన ఊరివారు ఆ గండము గడచినచో మహాకాళిని ఊరికి గొనివచ్చి ప్రతిష్ఠింతునని మ్రొక్కుకొనెననియు, 1815లో తిరిగివచ్చి దారువిగ్రహము స్థాపించెననియు ఉజ్జయినీ మహంకాళి ఆలయపు చరిత్రను పెద్దలు చెప్పుదురు. నేటికిని ఆషాఢమున ఆడుబిడ్డలు అన్నము వండి, కుండకు పసుపు కుంకుమలు పూసి, వేపరెమ్మలు కట్టి, పైన దీపము నిలిపి, తలకెత్తుకొని జనరల్ బజారు సందులనుండి ఆ గుడికి నడచుచున్నారు. ఊరి తల్లికి ఇంత నిర్దిష్టముగా, ఇన్ని తరములు మఱవక, ఒక ఆపదను తలచుకొని కృతజ్ఞత చెల్లించు పట్టణము, ఇంటి తల్లికి చెల్లించుటకు ఏల వెనుదీయవలెనో నాకు బోధపడదు.

మేళ్లను పేరు పెట్టి చెప్పవలెనన్న అవి ముందు జ్ఞప్తికి రావలెను. జపానులో దీనికొఱకే ఒక సాధన ఏర్పడినది. నారా ప్రాంతపు యమతొ-కోరియమ పట్టణమునకు చెందిన యొషిమొతొ ఇషిన్ అను వ్యాపారి (1916–1988), బౌద్ధులలో ఒక శాఖవారు ఆచరించు కఠోర ఆత్మపరీక్షను సామాన్యులకు వీలగునట్లు మార్చి 'నైకన్' అను పద్ధతిని రూపొందించెను. నైకన్ అనగా అంతర్దర్శనము. సాధకుడు ఒక వారము దినములు గదిమూలను మడతతెర చాటున కూర్చుండి, ఉదయము మొదలు రాత్రి వఱకు, తన జీవితమును కొన్ని కొన్ని ఏండ్ల ఖండములుగా విభజించుకొని, ఒక్కొక్క ఖండమునకు మూడు ప్రశ్నలు వేసికొనును: ఈ వ్యక్తినుండి నేనేమి పొందితిని? ఈ వ్యక్తికి నేనేమి తిరిగి యిచ్చితిని? ఈ వ్యక్తికి నేనేమి కష్టము కలిగించితిని? గంటకో రెండు గంటలకో మార్గదర్శి వచ్చి, వంగి నమస్కరించి, ఏమి కనుగొంటివని యడిగి, విని, వ్యాఖ్యానము చేయక వెడలిపోవును. ఆ వ్యక్తులలో మొట్టమొదటి స్థానము సామాన్యముగా తల్లిది. నాల్గవ ప్రశ్నగా 'నాకు వారేమి కష్టము కలిగించిరి?' అని వేసికొనుట ఈ పద్ధతిలో నిషిద్ధము. ఎవరును అడుగకయే మనమందఱము దాని నెల్లవేళల వేసికొనుచునే యున్నాము గదా యని వారి సమాధానము. తనను పెంచుటకు ఎంత ధనము వ్యయమైనదో పాలనుండి ఫీజుల వఱకు లెక్కగట్టించుట గూడ ఇందులో నొక అభ్యాసము. 1950ల నుండి ఈ సాధన అక్కడి కారాగారములలో గూడ ప్రవేశించినది.

వారము దినములు తెరచాటున కూర్చుండుట అందఱకు సాధ్యము కాదు. ఒక నోటుపుస్తకమును, రోజునకు అరగంటను కేటాయింపుడు. మొదటి దినమున బడిలో చేరకముందు, రెండవ దినమున మొదటి మూడు తరగతులు, ఇట్లు మూడేసి యేండ్ల చొప్పున తల్లిని గూర్చి మాత్రమే ఆ మూడు ప్రశ్నలకు జవాబులు వ్రాయుడు. నియమ మొక్కటియే: విశేషణములు వలదు, సంఘటనలే కావలెను. 'అమ్మ చాల మంచిది' యను వాక్యమును కొట్టివేయుడు. 'అయిదవ తరగతిలో నాకు పచ్చకామెర్లు వచ్చినపుడు పథ్యము నాకొక్కనికే కష్టమగునని తానును ఉప్పులేని మజ్జిగన్నమే తిన్నది' యను వాక్యమును ఉంచుడు. 'ఇంటరు ఫీజునకు గొలుసు కుదువపెట్టినది. విడిపించినదో లేదో నేనెన్నడు నడుగలేదు' యను వాక్యమును ఉంచి, దానిక్రింద గీత గీయుడు. రెండవ ప్రశ్నకు వచ్చునప్పటికి పుట చాలవఱకు ఖాళీగా నుండును. భయపడవలదు, ఖాళీగానే యుండనిండు. మూడవ ప్రశ్నకు జవాబులు వ్రాయునపుడు కన్నీరు వచ్చినచో కొంతసేపు ఆగి, మరల వ్రాయుడు. వారమైన పిమ్మట ఆ పుస్తకమున, మీ తల్లికి తప్ప మఱియెవ్వరికిని అతుకని సంగతులు కొన్నియైన మిగులును. మీరు ఆమెతో చెప్పవలసినవి అవియే.

ఈ జాబితా వేయుట యొషిమొతొ కాలమున పుట్టిన వింత కాదు. చీనాలో పుట్టి జపానులో శతాబ్దులుగా పఠింపబడుచున్న 'బుమొ ఒంజూక్యో' అను బౌద్ధగ్రంథము మాతృఋణమును పది మేళ్లుగా విడదీసి చెప్పుచున్నది: గర్భమున మోయుట, ప్రసవవేదన, బిడ్డ మొగము చూచి ఆ వేదన మఱచుట, చేదు తాను మ్రింగి తీపి బిడ్డ కొసగుట, తడిచోట తాను పరుండి పొడిచోట బిడ్డను పరుండబెట్టుట మున్నగునవి. వానిలో బిడ్డ దూరదేశమేగినపుడు తల్లి పడు చింతను గూడ ప్రత్యేకముగా నొక మేలుగా లెక్కించుట నన్ను మిక్కిలి కదలించినది. 'చేరగానే ఫోను చెయ్యి' అను మాటను విసుగుతో విన్న ప్రతి బిడ్డయు ఈ గణనను తెలిసికొనవలెను.

ఇక వాక్యము. తెనుగున మనము 'వండినది' అనుటకును 'వండిపెట్టినది' అనుటకును భేదము గలదు; రెండవదానిలో ఆ పని మనకొఱకు జరిగినదను భావము ఇమిడియున్నది. జపానులో ఆ స్థానము 'కురెరు' అను క్రియకు గలదు. ఎదుటివారు మనకై చేసిన పనిని చెప్పి, దానికి 'కురెతె' చేర్చి, పిదప 'అరిగతో' అన్నచో 'నాకై ఫలాన పని చేసిపెట్టినందుకు కృతజ్ఞుడను' అని యర్థమగును. 'ఒబెంతో ఓ త్సుకుత్తె కురెతె అరిగతో' అనగా 'టిఫిను డబ్బా కట్టిపెట్టినందుకు.' 'మత్తె ఇతె కురెతె అరిగతో' అనగా 'నాకై ఎదురు చూచినందుకు.' 'షింపై షితె కురెతె అరిగతో' అనగా 'నన్ను గూర్చి చింతపడినందుకు.' 'దైగకు ని ఇకసెతె కురెతె అరిగతో' అనగా 'నన్ను కళాశాలకు పంపి చదివించినందుకు.' అన్నిటికంటె పెద్దది 'సొదతెతె కురెతె అరిగతో', అనగా 'నన్ను పెంచి పెద్దచేసినందుకు.' ఈ కడపటిదానిని తొందరపడి మొదటిదినముననే వాడవలదు. అక్కడ పెండ్లివిందులో వధువు తలిదండ్రుల యెదుట నిలిచి, తాను వ్రాసికొన్న లేఖను చదువు ఆచారము గలదు. ఈ వాక్యమునకు తగిన తావు అట్టిది. రోజువారీ చిన్న మేళ్లకు చిన్న వాక్యములే శోభించును.

ఉచ్చారణ విషయమున తెలుగువారు అదృష్టవంతులు. మనవలెనే వారికిని హ్రస్వదీర్ఘములు, ద్విత్వములు ప్రధానములు. పదములు చాలవఱకు అచ్చులతో ముగియును. క్రియ వాక్యము తుదనే వచ్చును. రోమను లిపిలో వ్రాసికొని చదువువారు దీర్ఘమును మఱచి 'ఒబాసన్' అనవలసినచోట 'ఒబసన్' అందురు. మొదటిది నాయనమ్మ, రెండవది మేనత్త. హిరగనా అక్షరములు నలువదియాఱును పట్టుబడువఱకు తెలుగు లిపిలో వ్రాసికొన్నచో ఈ పొరపాటు రాదు. ఎ-ఏ, ఒ-ఓ భేదములు మన లిపిలో సిద్ధముగానున్నవి.

సంబోధన విషయమున ఒకింత జాగ్రత్త వలయును. తల్లిని పిలుచునపుడు 'ఒకాసన్'. పైవారితో మన తల్లిని గూర్చి చెప్పునపుడు 'హహ' అని తగ్గించి చెప్పుట మర్యాద. ఎదుటివారి తల్లి మరల 'ఒకాసన్' అగును. ఆఫీసులో చెప్పు 'అరిగతో గొజైమస్' అను నిండు మర్యాద ఇంటిలో తల్లికి చెప్పినచో ఆమెను దూరముగా నిలిపినట్లగును. ఒట్టి 'అరిగతో', లేదా 'ఎల్లప్పుడును' అను నర్థముగల 'ఇత్సుమొ' చేర్చి 'ఇత్సుమొ అరిగతో' చాలును. సినిమాలలో వినిపించు 'అయిషితెరు' అను ప్రేమవచనమును జపాను బిడ్డలు తల్లితో సాధారణముగా అనరు. పసివారు 'దైసుకి' అని కౌగిలించుకొందురు. పెద్దవారు మనసువిప్పి చెప్పదలచినపుడు 'ఒకాసన్ నొ కొ దె యొకత్త', అనగా 'నీ బిడ్డగా పుట్టుట నా భాగ్యము' అందురు. ఈ వాక్యమును నేను అన్నిటికంటె ఇష్టపడుదును.

కాలనియమము లేని కృతజ్ఞత వాయిదాపడుచునే యుండును. జపాను ఇంటిలో అన్నమునకు ముందు 'ఇతదకిమస్', పిమ్మట 'గొచిసోసమ', గడప దాటునపుడు 'ఇత్తెకిమస్', తిరిగి వచ్చినపుడు 'తదైమ' అనుట నిత్యకృత్యము; అన్నము ముగిసిన వెంటనే వంటచేసినవారికి వందనము ముట్టును, దానికి పండుగ రానక్కఱలేదు. మనము 'వెళ్లొస్తానమ్మా' అనుటలో ఆ మర్యాద కొంత నిలుపుకొంటిమి. తిని లేచునపుడు మాత్రము కంచము తోసి ఫోను చేతబట్టుచున్నాము. నేటి రాత్రినుండియే తిని లేచుచు 'గొచిసోసమ' అని, పులుసు బాగున్నదనియో, వంకాయ బాగుగా మగ్గినదనియో ఒక్క ముక్క చేర్చుడు. దూరమున నున్నవారు కాలభేదము గమనింపవలెను: జపాను మనకంటె మూడున్నర గంటలు ముందు. తోక్యోలో రాత్రి ఎనిమిది యైనపుడు సికింద్రాబాదులో సాయంకాలము నాలుగున్నర. తల్లికి పగటి నిద్ర ముగిసి, టీ పెట్టుకొని, సాయంత్రపు పని మొదలుకాని తీరిక వేళ. మీకు పని ముగిసినవేళ ఆమెకు తీరిక యగుట గొప్ప అనుకూలము. వారమునకు రెండుసార్లయినను ఆ ఘడియను ఆమెకే కేటాయింపుడు.

మే నెల రెండవ ఆదివారము జపానులో 'హహ నొ హి', మాతృదినోత్సవము. దీని మూలము అమెరికాలో నున్నది: తన తల్లి స్మృత్యర్థము అన్నా జార్విస్ 1908లో గ్రాఫ్టన్ పట్టణమున జరిపించిన ప్రార్థనాసభ 1914 నాటికి జాతీయదినమైనది, దుకాణముల వ్యాపారముగా మారుట చూచి ఆమెయే పిదప దానిని ద్వేషించినది. జపానులో ఆ నాడు ఎఱ్ఱని కార్నేషను పూవు నిత్తురు. పసిపిల్లలు ఇచ్చు కానుక మాత్రము పూవుకంటె మేలైనది: కాగితపు ముక్కలపై 'కత తతకి కెన్' అని వ్రాసి, కత్తిరించి, కట్టగట్టి తల్లి కిత్తురు. ఆమె ఒక్కొక్క చీటీ చూపినపుడెల్ల బిడ్డ ఆమె భుజములు నొక్కవలెను. శ్రమకు శ్రమతోనే బదులు చెల్లించు ఈ యూహను మీరును గ్రహింపుడు.

ఆ ఆదివారము మనకు ఆవకాయల కాలము. మోండా మార్కెటులో కాయ లేఱి, ముక్కలు కొట్టించి, తుడిచి, ఆవపిండి కారము కలిపి, నూనె పోసి, జాడీలో ఊరిన పచ్చడిని చుట్టలు చుట్టలుగా ప్లాస్టిక్కు కవర్లలో బిగించి, సంద్రముల కావలి బిడ్డకు పంపు తల్లి నడుమునొప్పి ఆ కవరుపై ఎక్కడను వ్రాసియుండదు. ఊరనున్నవారు ఆ ముక్కలు తామే తుడువవలెను. దూరమున నున్నవారు పొట్లము విప్పిననాడే ఫోను చేసి 'ఆవకాయ ఓ ఒకుత్తె కురెతె అరిగతో' యని, ఉప్పు సరిపోయినదో లేదో చెప్పి, ఎవరెవరికి పెట్టితిరో వివరింపవలెను. కరెంటు బిల్లు, గ్యాసు బుకింగు, బ్యాంకులో పనులు, కంటి డాక్టరు అపాయింటుమెంటు, ఇవి దూరమునుండియు చేయదగినవి. చీటీలుగా వ్రాసి పంపి, ఆమె అడిగినపుడెల్ల తప్పక చెల్లింపుడు.

ఉత్తరమును గూర్చి ఒక కథ చెప్పక పోజాలను. సూక్ష్మజీవిశాస్త్రవేత్త నొగుచి హిదెయొ 1876లో ఫుకుషిమ ప్రాంతపు నిరుపేద రైతుకుటుంబమున పుట్టెను. పసితనమున నిప్పుగుంటలో పడి ఎడమచేయి కాలిపోయినది. ఆ చేతితో పొలము పని చేయజాలడని తల్లి షిక, కూలినాలి చేసి అతనిని చదివించినది. 1900లో అమెరికాకు వెడలిన కొడుకు పేరుప్రతిష్ఠల నార్జించుచుండగా, మంత్రసానిపని చేయుచు వృద్ధురాలగుచున్న ఆ తల్లి, ఎన్నడో నేర్చి మఱచిన అక్షరములను కూడబలుకుకొని 1912లో అతనికి జాబు వ్రాసినది. వంకర అక్షరములు, తప్పుల తడకలు; నలుదిక్కులకు తిరిగి మ్రొక్కుచున్నాననియు, త్వరగా రమ్మనియు మాటిమాటికి వేడికొన్నది. 1915లో అతడు వచ్చి, తల్లిని వెంటబెట్టుకొని కొన్ని దినములు యాత్రాస్థలములు, పట్టణములు చూపెను. 1918లో ఆమె గతించినది. పచ్చజ్వరముపై పరిశోధించుచు అతడు 1928లో ఆఫ్రికాయందలి అక్రాలో ఆ జ్వరముతోనే మరణించెను. 2004 నుండి రెండు దశాబ్దములు అతని బొమ్మ వేయి యెన్ల నోటుపై నుండెను. ఆ జాబు నేడును అతని స్మారకశాలలో భద్రముగా నున్నది. ఆ జాబునకును ఆ రాకకును నడుమ గడచిన మూడేండ్లు నన్ను బాధించును. మీ తల్లి పంపిన వాట్సాపు సందేశమున అక్షరములు తాఱుమాఱైనచో దిద్దబోవకుడు. ఆమెకు మీరు చేతివ్రాతతో నొక జాబు వ్రాయుడు. పైన 'ఒకాసన్ ఎ' యని హిరగనాలో వ్రాసి, లోపల అంతయు తెనుగున, నోటుపుస్తకమునుండి ఒక్క సంగతి మాత్రము తీసి, వివరముగా వ్రాయుడు. పది సంగతులు కుక్కిన జాబుకంటె ఇది లోతుగా నాటును.

తల్లి గతించినవారు ఈ యధ్యాయమును మూసివేయనక్కఱలేదు. జార్విస్ తొలి సభలో పంచినది తెల్లని కార్నేషను. గతించిన తల్లికి తెల్లపూవను సంప్రదాయము జపానునకును చేరినది. అక్కడి యింటిలో 'బుత్సుదన్' అను పూజాపీఠము ముందు ధూపము వెలిగించి, గతించినవారికి అన్నము నివేదించి, ఆనాటి సంగతులు చెప్పుకొందురు. మీరు తద్దినము నాడు, పిండప్రదానము ముగిసి బంధువులు భోజనమునకు కూర్చుండకముందు, నోటుపుస్తకములోని రెండు సంఘటనలను బిగ్గరగా చదువుడు. మీ పిల్లలు వినునట్లు చదువుడు. పిన్నియో పెద్దమ్మయో జీవించియున్నచో, తల్లి చేసిన మేలు ఆమె తోబుట్టువునకు చెప్పుట గూడ తల్లికి చెప్పినట్లే.

తల్లినుండి ఎట్టి బదులు వచ్చునో కడపట తెలిసికొనవలెను. మీరు ఎంతయో అభ్యసించి 'ఇత్సుమొ అరిగతో' అని, అర్థము చెప్పి, గుండె దడదడలాడుచు ఎదురుచూచునపుడు ఆమె 'సరే గని, అన్నం తిన్నవా?' అనును. జపాను తల్లియు ఇంచుమించు ఇదియే అడుగును. మాట దాటవేసినదని నిరుత్సాహపడవలదు, అదే మాట రెట్టించి చెప్పి ఆమెను ఇబ్బంది పెట్టనువలదు. అడిగినదానికి నిండుగా జవాబు చెప్పుడు: ఏమి వండుకొంటిరో, బియ్యము ఎక్కడ దొరకినవో, చారులో పులుపు ఎట్లు కుదిరినదో, పక్కగది స్నేహితుడు ఎంత తినెనో. ఆమె మఱునాడు పొరుగింటివారికి చెప్పుకొనుటకు తగినంత వివరముండవలెను. పై వారమునకు నోటుపుస్తకమునుండి రెండవ సంగతి తీసి యుంచుడు.